గోడ అవతలి వీరాంపట్టినం

ఆ రోజుల్లో చదువు వీపుకు సంబంధించిన వ్యవహారం. వాద్దియారు (మా వైపు పంతులుగారిని అట్లాగే అంటాం) చెప్పింది వీపు మీద పడితే తలలోకి ఎక్కినట్టే లెక్క. కాళ్ళకూ చేతులకూ చదువుతో ఏదో పని ఉంటుందని పెద్దలెవరూ అనుకునేవారు కాదు. సోషల్ పాఠం సంగతి చెప్పనే అక్కరలేదు. నదులను కూర్చుని బట్టీ పట్టాలి, పర్వతాలను నిలబడి ఒప్పజెప్పాలి, రాజుల వరస తప్పితే బెంచీ ఎక్కాలి. మన దేశ చరిత్రలో చాలా భాగాన్ని నేను బెంచీ మీద నుంచే చూశాను. ఎత్తు మీద నిలబడినవాడికి అన్నీ స్పష్టంగా కనిపిస్తాయంటారు గానీ, నాకు కనిపించినవి ముందు వరసవాళ్ళ నడినెత్తి సుడులే.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, పోయిన నెల ఏడో తరగతి చదివే నా మనుమరాలు బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. 'యాక్టివిటీ' అట. మీ ఊళ్ళో మీరే నడిచి, మీరే కొలిచి, మీ ఊరి పటం మీరే గీయండి అని అందులో ఉంది. చదివి నేను కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాను. సాయంత్రానికల్లా మా కోడలు నెల్లితోపులో ఒక స్టేషనరీ అంగడికి పోయి, అచ్చేసిన పుదుచ్చేరి పటమూ, చుట్టూ అంటించడానికి మెరుపు కాగితమూ కొనుక్కొచ్చింది. "ఇదేందమ్మా, కొలవమంటే కొనుక్కొచ్చినావు?" అంటే, "ఎండలో యాడ తిరుగుతుంది మామా, మార్కు వస్తే చాలదా?" అంది. నాకు ఒళ్ళు మండింది. మర్నాడే బడికి పోయి ఆ టీచరమ్మను కలిశాను. పాపం, మంచి పిల్ల. నన్ను కూర్చోబెట్టి, "ఇది కొత్త పద్ధతి తాతా. మాకు ట్రైనింగ్ ఇచ్చినారు, సర్టిఫికెట్టు కూడా ఇచ్చినారు" అని ఎంతో సంతోషంగా చెప్పింది. "దీని వయసు అరవై ఏళ్ళకు పైనే తల్లీ" అన్నాను. "ఈ పని చేసినందుకు మీకు సర్టిఫికెట్టు ఇచ్చినారు, ఇదే పని చేసినందుకు ఒకాయన ఉద్యోగం పోయింది. పోగొట్టినవాడు నీ ఎదురుగానే కూర్చున్నాడు." ఆ పిల్ల నీళ్ళు తెప్పించి ఇచ్చింది. ముసలివాడికి ఎండదెబ్బ తగిలిందనుకుంది కాబోలు.

మేము పాండిచ్చేరిలో ఎన్ని తరాలుగా ఉన్నామో మాకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు మాట్లాడడమే గానీ అక్షరం ముక్క మా ఇంట్లో ఎవరికీ రాదు. (నాకు తర్వాత వచ్చింది. ఎట్లా వచ్చిందో చెబుతాను.) బజారులో మాకు బట్టల అంగడి ఉండేది. మా వీధిలో అట్లాంటి తెలుగు అంగళ్ళు సరిగ్గా ఇరవై. అన్నీ మామలవో చిన్నాయనలవో, కాకపోతే వియ్యాలవారివో. మా నాయన గుడ్డ కొలిచేటప్పుడు చూడాలి. ఇనుప మీటరు కర్ర గోడకు తగిలించి ఉండేది, తనిఖీవాళ్ళు చూసి సంతోషించడానికి. కొలత మాత్రం మూరతోనే. మోచెయ్యి నుంచి నడిమి వేలి కొస దాకా మూర, రెండు జానలు కలిస్తే ఒక మూర. ఎవరికైనా మూర మూరే, ఒక నూలుపోగు కూడా తగ్గించడు. కానీ మనవాళ్ళు వస్తే, కొలిచిన తర్వాత ఒక జానెడు గుడ్డ పైన వేసి కత్తిరించేవాడు. అది కొసరు. "ఒరే, కొలత అందరికీ, కొసరు మనోళ్ళకి. ఇది నేర్చుకుంటే నీకు యాపారం వచ్చినట్టే" అనేవాడు. నేను నేర్చుకున్నాను. వచ్చిన చిక్కంతా అక్కడే.

ఏడో తరగతిలో మా సోషల్ వాద్దియారు జబ్బుపడి సెలవు పెడితే, ఆయన బదులు ఒక కొత్తాయన వచ్చాడు. యానాం నుంచి వచ్చాడు కాబట్టి మాకు యానాం సారు. పాతికేళ్ళు కూడా నిండని మనిషి, పొడుగు చేతుల చొక్కా, ఎప్పుడూ జేబులో రెండు మూడు సుద్దముక్కలు. ఆయన అరవం వింటే అరవంవాళ్ళకు నవ్వు, నా తెలుగు వింటే ఆయనకు నవ్వు. "యాడికి పోతివి, ఏంది కథ అంటావేంట్రా అబ్బాయ్, నీ తెలుగు చెవికి భలే కరకరలాడుతుందిరా" అనేవాడు. నాకు కోపం వచ్చేది. బడి మొత్తంలో నాతో తెలుగులో మాట్లాడే మనిషి ఆయనొక్కడే కాబట్టి ఆ కోపం గంటకంటే ఎక్కువ నిలిచేది కాదు. ఉద్యోగం తాత్కాలికం. ఇన్‌స్పెక్టరు వచ్చి పాఠం చూసి మెచ్చుకుంటే స్థిరమవుతుంది, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. ఈ సంగతి ఆయనే మాకు దాచకుండా చెప్పాడు. ఊళ్ళో పెళ్ళి కుదిరిందనీ, పిల్ల తరఫువాళ్ళు ఉద్యోగం స్థిరపడేదాకా ముహూర్తం పెట్టేది లేదన్నారనీ కూడా చెప్పాడు. (పిల్లలతో అట్లాంటివి చెప్పే వాద్దియారును నేను అంతకు ముందు చూడలేదు, తర్వాత చూడలేదు.)

ఆయన బెత్తం తాకలేదు. మొదటి వారమే పుస్తకం మూయించి, "ఈ ఊరి పటాన్ని బడి మైదానం మీద వేద్దాం. కాగితం మీద కాదు. ఎవరి ఊరు ఎక్కడో అక్కడ వాళ్ళే నిలబడాలి. ఇన్‌స్పెక్టరుగారు మన ఊళ్ళో నడుచుకుంటూ పాఠం చూస్తారు" అన్నాడు. అందుకు ముందుగా ప్రతివాడూ బడి నుంచి తన ఇంటికి ఎన్ని అడుగులో లెక్కపెట్టి రావాలి. వంద అడుగులకు మైదానం మీద ఒక మూర. మా బజారు బడి గేటు దగ్గరే మొదలవుతుంది కాబట్టి నా పని ఆరువందల అడుగుల్లో తేలిపోయింది. అందరికంటే దూరం వంజరానిది. అది పిల్ల పేరు కాదు, మేం పెట్టిన పేరు. వాళ్ళ నాయన తనంత పొడుగు వంజరం చేపను పట్టుకొచ్చాడని ఒకసారి తరగతిలో రెండు చేతులూ చాపి చెప్పింది, అంతే. వాళ్ళది వీరాంపట్టినం. ఊరికి దక్షిణాన సముద్రం ఒడ్డు. వాళ్ళమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మార్కెట్టుకు వస్తుంటే వెంట నడిచి బడికి వచ్చేది. వంద అడుగులకు ఒక గవ్వ చొప్పున పావడా మడతలో వేసుకుంటూ నడిచి, మర్నాడు బల్ల మీద కుమ్మరించింది. తొంభై రెండు. సారు మైదానాన్ని ముందే అంచనా వేసుకున్నాడు. జెండా కర్ర బడి అయితే, వీరాంపట్టినం సరిగ్గా దక్షిణపు గోడ మొదట్లో, వేపచెట్టు నీడన వస్తుంది. "అదృష్టవంతురాలివమ్మా, అందరూ ఎండలో నిలబడితే నువ్వు నీడలో నిలబడతావు" అన్నాడు.

కొలిచే పని ఎవరికివ్వాలి అన్నప్పుడు తరగతంతా నావైపే చూసింది. మా నాయన అంగడి అందరికీ తెలుసు. తాడు వంజరం తెచ్చింది. వాళ్ళ పడవ తాడు, ఉప్పు వాసన వేసేది. సముద్రం కోసం మా నాయన రెండు తానుల నీలి గుడ్డ అరువిచ్చాడు. అరువిచ్చి ఊరుకోలేదు, తనిఖీనాటి పొద్దున తానే వచ్చి వరండా పొడుగునా పరిచి, "ఇదో చూడండప్పా, సముద్రం మీద ఎవరన్నా కాలు పెట్టినారంటే ఊరుకునేది లేదు" అని హెచ్చరించి పోయాడు. (ఇన్‌స్పెక్టరుకు కూడా ఈ సంగతి చెప్పమన్నాడు. నేను చెప్పలేదు.)

కొలత ముందురోజు సాయంత్రం మొదలైంది. సారు హెడ్మాస్టరు గదిలో ఉన్నాడు. పిల్లలను ఎండలో నిలబెట్టే తమాషా తనకు నచ్చలేదని హెడ్మాస్టరు ఆయనకు గంటసేపు నచ్చజెబుతున్నాడు. మైదానంలో నేనూ, తాడు పట్టుకుని వంజరమూ. ఒక్కో మూరకు నేను సున్నంతో గీత గీయాలి, అది ఒక గవ్వ పెట్టాలి. జెండా కర్ర దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మొదటి మూర కొలిచాను. అది మా బజారు మొదలు, అక్కడ మా పెద్దమామ అంగడి. నా చెయ్యి దానంతటదే ఒక జానెడు ముందుకు జరిగింది. మామ అంగడికి కొసరు వేయకుండా ఎట్లా? తర్వాత చిన్నాయనది. ఆయనకు వేయకపోతే పిన్నమ్మ ఊరుకుంటుందా? ఆ తర్వాత వియ్యాలవారిది, వాళ్ళకు తక్కువ చేస్తే మాట వస్తుంది. ఇట్లా ఇరవై అంగళ్ళకూ ఇరవై జానలు. నాకు ఇందులో తప్పేమీ తోచలేదు సరికదా, గొప్ప మర్యాద చేస్తున్నాననిపించింది. బజారు దాటాక మళ్ళీ బుద్ధిగా మూర మూరే. రైలు స్టేషనుకూ, తోపులకూ, ఏటికీ, ఎవరికీ నూలుపోగు తగ్గించలేదు. మా నాయన కొడుకును గదా.

గోడ వచ్చేసింది. నేను లేచి నిలబడి మోకాళ్ళు దులుపుకున్నాను. వంజరం లేవలేదు. అరచేయి తెరిచి చూపింది. అందులో ఇంకా పది గవ్వలున్నాయి.

(మా మాటలన్నీ అరవంలోనే జరిగాయి. ఇక్కడ మా ఇంటి తెలుగులోకి దించి రాస్తున్నాను.)

"ఏందిరా ఇది? మా ఊరు యాడ?"

"నువ్వు తప్పు లెక్క పెట్టి ఉంటావు" అన్నాను.

"మా అమ్మ కూడా లెక్క పెట్టింది. తట్ట మోసే మనిషి, దాని కాళ్ళకు తెలియదా? నువ్వే ఏదో చేసినావు. మీ బజారు చూడు, చింతకాయ మాదిరి ఎంత పొడుగు సాగిందో. ఆరు గవ్వల బజారు. నీ ఎదురుగానే పెట్టినాను."

"అది పెద్ద బజారు."

"పెద్దదైతే? కొంచెం జరుపు. సున్నమే గదా, చెరిపి మళ్ళీ గీ."

"బజారు జరగదు" అన్నాను. ఎందుకు అట్లా అన్నానో నాకు ఈరోజుకీ తెలియదు. ఎదురుగా ఇరవై అంగళ్ళు సున్నపు గీతల్లో మెరిసిపోతున్నాయి. చెరపడానికి చెయ్యి రాలేదు. చివరికి ఒక ఉపాయం చెప్పాను. "నువ్వు గోడ దూకి అవతల పది మూరల దూరంలో నిలబడు. గోడ ఇంకో ఏరు అనుకో. మీ ఊరికి రావాలంటే ఏరు దాటాలి గదా!" నా తెలివికి నేనే మురిసిపోయాను. అది నన్ను ఒక్క చూపు చూసింది. చేపను కొనకుండా వాసన చూసి పోయేవాళ్ళను వాళ్ళమ్మ చూసే చూపు అది. అయినా మర్నాడు సారు ఉద్యోగం సంగతి అని ఊరుకుంది. గోడ అవతల ఏముందో మా ఇద్దరికీ తెలుసు. హెడ్మాస్టరు వంకాయ మళ్ళు.

ఆ వంకాయల గురించి చెప్పాలి. హెడ్మాస్టరుకు పిల్లలు లేరు. బళ్ళో ఉన్న మమ్మల్ని పిల్లలుగా ఒప్పుకోలేదు గానీ వంకాయ చెట్లను ఒప్పుకున్నాడు. ఒక్కోదాని మొదట్లో చేత్తో మట్టి ఎగదోసి, తన గంజి నీళ్ళు పోసి పెంచాడు.

మర్నాడు పదిగంటలకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నెత్తిన పెద్ద టోపీ, చేతిలో నోటు పుస్తకం. మైదానంలో నలభైమంది పిల్లలు ఎవరి చోట వాళ్ళు నిలబడి ఉన్నారు. యానాం సారు ముఖం చూస్తే పెళ్ళికొడుకే. మొదట అంతా బ్రహ్మాండంగా జరిగింది. ఇన్‌స్పెక్టరు పెద్ద కాలువ సున్నపు గీతను జాగ్రత్తగా దాటాడు, నిజంగా కాలువలో పడతానన్నట్టు. గవర్నరు భవనం దగ్గర నిలబడ్డవాడు ఆయనకు సలాం కొట్టాడు. సముద్రం దగ్గర వంగి గుడ్డ పట్టి చూసి, "మంచి నేత" అన్నాడు. మా బజారు దగ్గరికి వచ్చి, "చాలా పెద్ద బజారే!" అంటే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. హెడ్మాస్టరు కూడా నవ్వడం మొదలుపెట్టాడు. రైలు స్టేషను, తోపులు, ఏరు దాటి ఇన్‌స్పెక్టరు దక్షిణపు గోడ దాకా నడిచి, చేతిలోని పట్టీ చూసి, "వీరాంపట్టినం?" అని అడిగాడు.

"ఈడ ఉండాది సార్!" అని గోడ అవతల నుంచి కేక వచ్చింది.

యానాం సారు ముఖంలో రక్తం పోయింది. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి, మునివేళ్ళ మీద లేచి గోడ మీదుగా చూశాడు. వెంటనే హెడ్మాస్టరూ చూశాడు. నేను చూడలేదు, నాకు ఎత్తు చాలదు, అవసరం కూడా లేదు. పది మూరల అవతల, వంకాయ మళ్ళ నట్టనడుమ, రెండు చెట్లు కాళ్ళ కింద నలిగి, వంజరం అటెన్షన్‌లో నిలబడి ఉందని హెడ్మాస్టరు గొంతులో నుంచి వచ్చిన చప్పుడును బట్టే తెలిసింది. అదే సమయానికి పెరటి తలుపు తెరుచుకుని హెడ్మాస్టరు భార్య చీపురుతో వచ్చింది. "ఎవురే నువ్వు? నా తోటలో యేం చేస్తా ఉండావు?" "నేను వీరాంపట్టినం అమ్మా!" "వీరాంపట్టినమైతే ఆడికి పో!" "ఇదే వీరాంపట్టినం!"

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. "ఆ ఊరు అవతల ఎందుకుంది?" అని అడిగాడు. జవాబు గోడ మీదికే వచ్చింది. చీపురుకు దొరక్కుండా వంజరం గోడెక్కి కూర్చుని, ఊపిరి కూడా తీసుకోకుండా చెప్పింది: "తాడు మాది సార్, కొలత వాళ్ళది. ఊరు మాత్రం గోడ దాటిపోయింది. మా ఊరి తేరుకు గవర్నరే వచ్చి తాడు పట్టుకుంటాడు. అంత పెద్ద మనిషి మా ఊరికి రావాలంటే వంకాయలు తొక్కుకుంటా రావాల్నా?"

"కొలిచింది ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వంజరం నా వైపు చూసింది గానీ పేరు చెప్పలేదు. నేను చెప్పాలి. తరగతిలో అందరికంటే గట్టిగా అరిచేవాణ్ణి, అన్యాయం అంటే ఇప్పటికీ బస్సు కండక్టరుతో సహా అందరితో తగవు పెట్టుకునేవాణ్ణి, ఆ రోజు నా పాదాల కింద సున్నాన్ని చూస్తూ నిలబడ్డాను. అప్పుడు యానాం సారు ఒక అడుగు ముందుకు వేసి, "నేనేనండి. కొలత నాది, పొరపాటు నాదేనండి" అన్నాడు. ఇన్‌స్పెక్టరు నోటు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. చిన్న వాక్యమే. పెన్ను ఎంతోసేపు ఆడలేదు. పోతూ పోతూ సముద్రం మీద కాలు పెట్టాడు.

అందరూ వెళ్ళాక సారు మమ్మల్నిద్దరినీ వేపచెట్టు కింద కూర్చోబెట్టాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన వంజరం చేతిలోని గవ్వలు తీసుకుని ఒక్కొక్కటే నేల మీద పెట్టి, పది అని లెక్కపెట్టి, కాసేపు ఆలోచించి, "మీ బజారులో మీవాళ్ళ కొట్లు ఎన్నిరా?" అని అడిగాడు.

"ఇరవై సార్."

"ఒక్కోదానికి ఎంత వేశావ్?"

"జానెడు."

"లెక్క సరిపోయిందిరోయ్!" అని తొడ మీద చరుచుకుని నవ్వాడు. నిజంగానే నవ్వాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి నవ్వు నీళ్ళే అని నన్ను నేను చాలాకాలం నమ్మించుకున్నాను. వంజరం మాత్రం నవ్వలేదు. "అంటే మా ఊరిని తోసింది వీళ్ళ మామలా సార్?" అంది.

నెల తిరక్కుండా ఆయన పెట్టె సర్దుకున్నాడు. పిల్లలను అదుపులో పెట్టలేడని రాశారట. పాత వాద్దియారు బెత్తంతో సహా తిరిగి వచ్చాడు. వెళ్ళే రోజు యానాం సారు నాకు నాలుగు మడతల కాగితం ఇచ్చాడు. లోపల తెలుగులో రెండు వరసలు. "సార్, నాకు చదవను రాదు" అంటే, "తెలుసురా. అందుకే తెలుగులో రాశాను" అన్నాడు. ఆ పెళ్ళి జరిగిందో లేదో నాకు తెలియదు. యానాం పోయి విచారిద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. పోలేదు. మనం చేసిన పనికి ఫలితం ఏమైందో చూడడానికి పోవడం కంటే బస్సు కండక్టరుతో తగవు సులువు.

ఎనిమిదో తరగతితో నన్ను మానిపించి అంగట్లో కూర్చోబెట్టారు. ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు లేరు, అడగడానికి నాకు సిగ్గు. చీరాల నుంచి మాకు బేళ్ళు వచ్చేవి, వాటికి తెలుగు పత్రికల కాగితాలు చుట్టి ఉండేవి. నాయన గుడ్డ తీసుకునేవాడు, నేను కాగితం తీసుకునేవాణ్ణి. బొమ్మ కింద ఉన్న మాట ఆ బొమ్మ పేరే అయి ఉంటుందని ఊహించి, ఆవు బొమ్మ పక్కన 'ఆ'నూ, సబ్బు ప్రకటనలో 'స'నూ పట్టుకున్నాను. (చాలాకాలం ఒక నాయకుడి పేరును 'తలనొప్పి మాత్ర' అనుకున్నాను. బొమ్మలు పక్కపక్కన వేశారు, నా తప్పేముంది?) ఇట్లా రెండేళ్ళు పట్టింది. ఒక మధ్యాహ్నం, బేరాల్లేని వేళ, గల్లాపెట్టె అడుగు నుంచి ఆ కాగితం తీసి, వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను.

'కొసరు ఇవ్వడం తప్పు కాదురా అబ్బాయ్. ఎవరి కొలతలోంచి ఇస్తున్నావో చూసుకో.'

గుడ్డ తానులో నుంచి కొసరు వేస్తే మన తానే తరుగుతుంది. నేల సంగతి అట్లా కాదని, ఒకడికి పెంచిన జానెడు ఎక్కడో గోడ పక్కన ఉన్నవాడి కాళ్ళ కింద నుంచే వస్తుందని, ఏ పుస్తకమూ నాకు అంత చిన్నగా చెప్పలేదు. తర్వాత నేను చదివిన పుస్తకాలన్నీ ఆ రెండు వరసల మీద ఎక్కి చదివినవే. వంజరం తన కూతురి పెళ్ళికి గుడ్డలు కొనడానికి మా అంగడికి వచ్చింది, అప్పటికి నా తలలో సగం నెరిసింది. కొలిచి, పైన ఒక జానెడు వేసి కత్తెర పెట్టబోయాను. అది చెయ్యి అడ్డం పెట్టి, "ఉండప్పా, ఇంకా తొమ్మిదిన్నర మూరలు రావాల" అంది. ఇద్దరమూ నవ్వాము. నాకు మాత్రం సారు పేరు ఎత్తడానికి ఆ రోజూ నోరు రాలేదు.

ఇక పోయిన నెలకు వస్తాను. కోడలు కొన్న పటాన్ని చుట్ట చుట్టి అటక మీద పెట్టాను. మనుమరాలిని టౌన్ బస్సులో తీసుకుపోయి మా పాత బజారంతా నడిపించాను. ఆ ఇరవై అంగళ్ళలో ఒక్కటి కూడా ఇప్పుడు మావాళ్ళది కాదు. సెల్‌ఫోన్లవీ, కళ్ళజోళ్ళవీ, ఐస్‌క్రీములవీ వచ్చాయి. మాది పదేళ్ళ కిందటే మూతపడింది. రెడ్డియార్‌పాళయంలో మా ఇంటి మేడ మీద ఇద్దరమూ తాడు పరిచాము. మా ఇంటి నుంచి పాత బజారు మీదుగా వీరాంపట్టినం దాకా, అర కిలోమీటరుకు ఒక మూర. దూరం ఫోను చెప్పింది. (ఆ ఒక్క పనికి దాన్ని క్షమించాను.) గవ్వలకు బదులు మా అంగడిలో మిగిలిన చొక్కా గుండీలు. నేను కొలుస్తుంటే పిల్ల గుండీలు పెట్టింది. మేడ పిట్టగోడ వచ్చింది. పిల్ల అరచేయి తెరిచింది.

"తాతా, ఇంకా రెండు ఉండాయి."

నేను వెనక్కి తిరిగి చూశాను. బజారు దగ్గర గీతలు కొంచెం దూరం దూరంగా ఉన్నాయి. రెండు గుండీలు, అంటే రెండు మూరలు, అంటే నాలుగు జానలు. నా చెయ్యి, కీళ్ళవాతంతో వేళ్ళు సరిగా చాపలేని ఈ చెయ్యి, నాకు చెప్పకుండానే, లేని అంగళ్ళకు కొసరు వేసుకుంటూ పోయింది. డెబ్బై అయిదు దాటినవాడికి బుద్ధి ఎక్కడుందో తెలియదు గానీ, అలవాటు మాత్రం మోచేతిలో ఉంది.

"ఏంది తాతా నవ్వుతా ఉండావు? మన బజారు కొంచెం జరుపు."

జరగదు అనలేదు. తడిగుడ్డ తెమ్మన్నాను. ఒక చెయ్యి పిల్ల భుజం మీద ఆనించి, మోకాళ్ళను బతిమాలుకుని కూర్చున్నాను. గీతలు తుడిచి మళ్ళీ గీశాను. అన్నేళ్ళు జరగని బజారు నాలుగు తుడుపులకు జరిగింది. వీరాంపట్టినం పిట్టగోడకు ఇవతలికి వచ్చి కూర్చుంది. దానికి మాత్రం ఒక జానెడు కొసరు వేశాను. ఎవరి కొలతలోంచి అని యానాం సారు ఎక్కడున్నా అడుగుతాడని తెలుసు కాబట్టి, మొదటికి పోయి, మా ఇంటి చోటులో నుంచే ఒక జానెడు తగ్గించి గీత లోపలికి జరిపి, మిగిలిన గీతలన్నీ దాని వెంట సర్దాను.

పిల్ల నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది. "మన ఇల్లు చిన్నదైపోయింది గదా తాతా?"

"అయితే ఏందమ్మా, అందులో ఉండేది మనమే గదా" అన్నాను.